గేమ్ జామ్ కోడ్ పంచుకోవడం ఒక ఎత్తు, అసెట్లు పంచుకోవడం మరో ఎత్తు

గేమ్ జామ్ అంటే పెట్టిన గడువులోపు ఒక గేమ్ చేసి పంపే పోటీ. దాని సబ్మిషన్ పేజీలో కింద ఎక్కడో ఒక ఖాళీ ఉంటుంది, సోర్స్ కోడ్ లింక్, అంటే గేమ్ వెనక రాసిన ప్రోగ్రామ్ లింక్ ఇవ్వమని. గచ్చిబౌలిలోనో కూకట్‌పల్లిలోనో ఒక ఫ్లాట్‌లో నలుగురు కూర్చుని, శుక్రవారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం రాత్రికి ఎలాగో గేమ్ ముగించి, గడువు ఇంకో పది నిమిషాలుందనగా ఆ ఖాళీ దగ్గరికి వస్తారు. చాలామంది వదిలేస్తారు. కొంతమంది ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు, కోడ్ పంచుకునే సైట్ అయిన గిట్‌హబ్‌లో పెట్టేస్తారు. మంచి మనసుతో చేసే పనే అది, కానీ ఆ ఫోల్డర్‌లో తమవి ఏవి, ఊళ్లోవాళ్లవి ఏవి అని చూసుకునే ఓపిక ఆ టైమ్‌లో ఎవరికీ ఉండదు. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది. కోడ్ బయటపెట్టడం సులువు, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం టీమ్ రాసిందే. అసెట్లు, అంటే బొమ్మలు, శబ్దాలు, ఫాంట్లు, మ్యూజిక్ మాత్రం తలో చోటి నుంచి వచ్చి ఉంటాయి.

సోర్స్ ఇచ్చి తీరాలా అన్నది ముందు ఆ జామ్ రూల్స్‌ని బట్టి ఉంటుంది. 2002లో మొదలైన లుడమ్ డేర్‌లో కాంపో అనే విభాగం ఉంది. అందులో ఒక్కరే 48 గంటల్లో బొమ్మలు, శబ్దాలతో సహా అన్నీ సొంతంగా చేయాలి, సోర్స్ తప్పకుండా ఇవ్వాలి. అందులోనే జామ్ విభాగానికి 72 గంటలు, టీమ్‌గా చేయొచ్చు, సోర్స్ ఇవ్వడం వాళ్ల ఇష్టం. కాంపోలో సోర్స్ అడగడానికి కారణం ఉంది, గడువులో చేసిందేనా కాదా అని తోటివాళ్లు చూసుకోవచ్చు, చూసి నేర్చుకోనూవచ్చు. జేఎస్13కే జామ్‌లో గేమ్ మొత్తం జిప్ చేస్తే 13 కిలోబైట్లలో పట్టాలి, దాంతోపాటు మనుషులు చదవగలిగే కోడ్‌ని గిట్‌హబ్‌లో పెట్టాలి. 2012లో మొదలై, ఇప్పుడు నవంబర్ నెలలో జరిగే గిట్‌హబ్ గేమ్ ఆఫ్‌లోనూ రెపో (గిట్‌హబ్‌లో ప్రాజెక్ట్ ఫైళ్లుండే చోటు) పబ్లిక్‌గా ఉండాల్సిందే. 2009లో మొదలైన గ్లోబల్ గేమ్ జామ్ ఇంకో అడుగు ముందుకేసి, ఏ లైసెన్స్ కింద ఇవ్వాలో కూడా తనే చెప్పింది: పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మార్చి పంచితే మళ్లీ ఇదే లైసెన్స్‌తో పంచాలి అనే, క్రియేటివ్ కామన్స్ సంస్థ తయారుచేసిన లైసెన్స్. అందుకే ఏ జామ్‌కైనా పేరు ఇచ్చే ముందే, గేమ్ ఐడియా ఆలోచించక ముందే, సోర్స్ గురించి రూల్స్‌లో ఏముందో చదువుకోవడం మంచిది. ఏ అసెట్లు వాడొచ్చో తేల్చేది అదే.

సోర్స్ పెట్టనివాళ్లకి మామూలుగా ఉండే భయం ఐడియా కొట్టేస్తారని. ఆ భయాన్ని కొట్టిపారేయాల్సిన పని లేదు గానీ, జరిగిన చరిత్ర మాత్రం వేరేలా ఉంది. సర్జన్ సిమ్యులేటర్ అనే గేమ్ 2013 గ్లోబల్ గేమ్ జామ్‌లో పుట్టింది, తర్వాత అమ్మకానికి వచ్చి బాగా ఆడింది. వ్యాపారానికి వాడొద్దన్న షరతు బయటివాళ్లకి, హక్కుదారులకి కాదు. తమ గేమ్‌ని తాము అమ్ముకోవడానికి ఆ లైసెన్స్ అడ్డు రాదు. సెలెస్ట్ అనే గేమ్ సంగతి ఇంకా స్పష్టం. మ్యాడీ థార్సన్, నోయెల్ బెరీ కలిసి నాలుగు రోజుల్లో, చిన్న గేములు చేసి ఆడే పికో-8 అనే సాఫ్ట్‌వేర్ మీద దాని మొదటి రూపం చేశారు. పికో-8 కార్ట్ (గేమ్ ఫైల్) లోపలే కోడ్, బొమ్మలు, మ్యూజిక్ అన్నీ ఉంటాయి, లోడ్ చేసుకున్న ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చి ఆడుకోవచ్చు. ఎంతోమంది అలా మార్చి తమ సొంత లెవెల్స్ చేసుకున్నారు కూడా. అయినా 2018లో వచ్చిన పూర్తి గేమ్‌కి దానివల్ల నష్టం రాలేదు. జనం డబ్బు పెట్టి కొన్నది ఆ తర్వాత ఏళ్లపాటు పడిన కష్టాన్ని.

కోడ్ చండాలంగా ఉంది, చూస్తే పరువు పోతుంది అనే మొహమాటం ఇంకొకటి. ఉద్యోగం కోసం చూస్తున్న ఫ్రెషర్లలో ఇది ఎక్కువ. వీవీవీవీవీవీ అనే గేమ్ సోర్స్‌ని టెర్రీ కావనా 2020 జనవరిలో, గేమ్‌కి పదేళ్లు నిండినప్పుడు బయటపెట్టారు. అందులో గేమ్ నడకంతా ఒక భారీ స్విచ్ స్టేట్‌మెంట్‌లో ఉంది, కాలేజీ ల్యాబ్‌లో రాస్తే లెక్చరర్ తిరగరాయమనే రకం. జనం ఆశ్చర్యపోయారు, కానీ ఎక్కువమందికి కలిగింది ధైర్యమే, ఇంత మంచి గేమ్ ఇలాంటి కోడ్ మీద కూడా నిలబడుతుందా అని. 48 గంటల్లో రాసిన కోడ్ ఎలా ఉంటుందో గేమ్ స్టూడియోల్లో పనిచేసేవాళ్లకి బాగా తెలుసు. ఐజీడీసీ లాంటి గేమ్ డెవలపర్ల సదస్సు జరిగినప్పుడు ఒక స్టూడియో మనిషికి రెజ్యూమె ఇచ్చి ఊరుకోవడం కంటే, తెరిచి చూడగలిగే ఒక జామ్ గేమ్ లింక్ ఇవ్వడం ఎంతో మేలు.

ఇక లైసెన్స్. పబ్లిక్ రెపో అంటే అందరూ వాడుకోవచ్చని ఇచ్చేసినట్టే అనుకుంటారు చాలామంది, ఇచ్చినవాళ్లూ తీసుకునేవాళ్లూ. అది నిజం కాదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది. రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది, రిజిస్టర్ చేయించుకోనక్కర్లేదు, రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు కొనసాగుతుంది. లైసెన్స్ ఫైల్ లేని రెపోని గిట్‌హబ్ నిబంధనల ప్రకారం బయటివాళ్లు చూడొచ్చు, గిట్‌హబ్ లోపలే ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే తమ అకౌంట్‌లోకి కాపీ తీసుకోవచ్చు, అంతే. అందులోంచి ఇరవై లైన్లు తమ గేమ్‌లో పెట్టుకోవడానికి అనుమతి ఉన్నట్టు కాదు. కాబట్టి ఏ లైసెన్సూ పెట్టకుండా పంచిన కోడ్, జాగ్రత్తగా ఉండే మనిషికి పనికిరాదు, జాగ్రత్త లేని మనిషి ఎలాగూ వాడేస్తాడు. జామ్ కోడ్‌కి ఎంఐటీ లైసెన్స్ చాలు. ఒక పేజీ కూడా ఉండదు, పేరూ లైసెన్స్ మాటలూ తీసేయకుండా ఏమైనా చేసుకోండి అని చెబుతుంది. మార్చి పంచేవాళ్లు కూడా సోర్స్ ఇవ్వాల్సిందే అనుకునేవాళ్లకి జీపీఎల్ ఉంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్ని మాత్రం సాఫ్ట్‌వేర్‌కి వాడొద్దని ఆ సంస్థే చెబుతుంది, అవి బొమ్మలకీ పాటలకీ రాతకీ తగినవి.

అందుకే ఒకే రెపోకి రెండు లైసెన్సులు ఉండటంలో వింత ఏమీ లేదు, అదే పద్ధతి కూడా. డూమ్ అనే గేమ్ సోర్స్‌ని ఐడీ సాఫ్ట్‌వేర్ కంపెనీ 1997 డిసెంబర్‌లో విడుదల చేసినప్పుడు ఇచ్చింది కోడ్ ఒక్కటే. రాక్షసుల బొమ్మలు, లెవెల్స్, సంగీతం ఇవ్వలేదు. 1999లో ఆ కోడ్ జీపీఎల్ కిందకి వచ్చింది. అసెట్లు లేవు కాబట్టి, ఫ్రీడూమ్ అనే ప్రాజెక్ట్‌లో వలంటీర్లు కొత్తగా బొమ్మలు గీసి, శబ్దాలు చేసి, ఉచితంగా పంచగలిగే పూర్తి గేమ్ తయారుచేశారు. అంటే కోడ్ ఇచ్చి అసెట్లు ఇవ్వకపోయినా అది గొప్ప సాయమే. టీమ్‌లో బొమ్మలు గీసిన అమ్మాయికి తన క్యారెక్టర్లు ఊరంతా తిరగడం ఇష్టం లేకపోతే, కోడ్ ఎంఐటీ, బొమ్మలు మాత్రం అన్ని హక్కులూ ఆమెవే అని రీడ్‌మీలో (రెపో గురించి చెప్పే ఫైల్‌లో) ఒక్క లైన్ రాస్తే సరిపోతుంది. ఆమెని అడగకుండా అన్నీ కలిపి ఎంఐటీ అని పెట్టేయడమే తప్పు.

ఇప్పుడు అసలు చిక్కు, ఎవరో చేసిన అసెట్లు. అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో దొరికే కోచింగ్ నోట్స్ ఎవరు రాశారో పదో కాపీకి వచ్చేసరికి ఎవరికీ తెలియనట్టే, జామ్ ఫోల్డర్‌లో ఉన్న "జంప్2_ఫైనల్" అనే శబ్దం ఏ సైట్ నుంచి వచ్చిందో ఆదివారం రాత్రికి దింపినవాడికే గుర్తుండదు. కెన్నీ సైట్‌లోని బొమ్మలు సీసీ జీరో, అంటే ఏ షరతూ లేకుండా ఇచ్చేసినవి, వాటితో ఏ పేచీ లేదు, రెపోలో పెట్టినా ఎవరూ అడగరు. ఓపెన్‌గేమ్‌ఆర్ట్ సైట్‌లో ఒక్కో బొమ్మకి ఒక్కో లైసెన్స్. శబ్దాలు దొరికే ఫ్రీసౌండ్ సైట్‌లో సీసీ జీరో ఉన్నవీ, పేరు చెప్పాల్సినవీ, వ్యాపారానికి వాడకూడనివీ పక్కపక్కనే ఉంటాయి. ఈ చివరి రకం శబ్దం ఒక్కటి గేమ్‌లో ఉండిపోయి, ఆర్నెల్లకి ఆ గేమ్ స్టీమ్‌లో అమ్మకానికి పెడితే, అప్పుడు వెతుక్కోవడం నరకం. దీనికి మందు ఒకటే ఉంది, చాలా చిన్నది. జామ్ మొదలైన గంటలోనే ఒక టెక్స్ట్ ఫైల్ తెరవాలి, బయటి నుంచి ఏది దింపినా అప్పటికప్పుడు ఫైల్ పేరు, చేసినవాళ్ల పేరు, లింక్, లైసెన్స్ అందులో రాయాలి. తర్వాత రాద్దాంలే అంటే మాత్రం అది ఎప్పటికీ జరగదు. ఏఐతో చేయించిన బొమ్మలుంటే ఆ సంగతీ అందులోనే ఉండాలి, వాడుకోబోయేవాళ్లకి అది తెలియాలి.

గేములు తయారుచేసే ఇంజిన్ యూనిటీకి ఉన్న అసెట్ స్టోర్ దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. అక్కడ కొన్నదైనా, ఉచితంగా తీసుకున్నదైనా, గేమ్ లోపల భాగంగా పంచొచ్చు గానీ ఆ ఫైళ్లని విడిగా అందరికీ అందేలా పెట్టకూడదు. పబ్లిక్ రెపోలో పెట్టడమంటే సరిగ్గా అదే. మిక్సామో సైట్‌లో దొరికే యానిమేషన్ల సంగతీ దాదాపు ఇంతే, గేమ్‌లో వాడొచ్చు, విడి ఫైళ్లుగా పంచకూడదు. ఇలాంటివి ఉన్న ఫోల్డర్‌ని గిట్‌ఇగ్నోర్‌లో (రెపోలోకి వెళ్లకూడనివి రాసే ఫైల్‌లో) పెట్టేసి, ఫలానా ప్యాక్ స్టోర్ నుంచి దింపుకుని ఇక్కడ పెట్టుకోండి అని రీడ్‌మీలో రాయడం సరైన దారి. ఇంకా మంచిది, వాటి బదులు సాదా డబ్బాల్లాంటి బొమ్మలు పెడితే కోడ్ కనీసం ఆడుతుంది.

మన టీమ్‌ల దగ్గర ఇంకో అలవాటు ఉంది, సినిమా బీజీఎం. హీరో ఎంట్రీ మ్యూజిక్ ఒక పది సెకన్లు, బాస్ ఫైట్ ముందు ఒక డైలాగ్. డెమో చూపించే గదిలో ఈలలు పడతాయి, నిజమే. కానీ పది సెకన్ల దాకా ఫర్వాలేదు అనే రూల్ మన చట్టంలో ఎక్కడా లేదు. సౌండ్ రికార్డింగ్ హక్కు ఒకరిది, బాణీ హక్కు, పాట రాసినవాళ్ల హక్కు వేరు. క్రెడిట్స్‌లో సంగీత దర్శకుడి పేరు వేశాం కదా అంటారు. పేరు వేయడం మర్యాద, అది అనుమతి కాదు. చట్టంలో 52వ సెక్షన్ సొంతానికి వాడుకోవడం, విమర్శ, సమీక్ష లాంటివాటికి కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, ఎవరైనా దింపుకునేలా గేమ్‌లో పెట్టిన పాటకి ఆ మాట నిలవడం కష్టం. సోర్స్ పంచాలని ముందే అనుకున్న టీమ్ సినిమా ఆడియో జోలికి పోకూడదు.

ఇక ఇది అసలు ఎవరి గేమ్ అన్న ప్రశ్న. నలుగురు కలిసి రాసింది నలుగురిదీ, ఎవరి వాటా వాళ్లు అన్నట్టు కలగలిసిపోయి ఉంటుంది. రెపో ఎవరి అకౌంట్‌లో ఉందో వాళ్లొక్కరే లైసెన్స్ తేల్చేయడానికి లేదు. వాట్సాప్ గ్రూప్‌లో "ఎంఐటీ పెడదామా" అని అడిగి నలుగురూ సరే అన్నది దాచుకున్నా చాలు, లాయర్ అక్కర్లేదు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ వీకెండ్ జామ్ ఆడేవాళ్లకి ఇంకో టెన్షన్ ఉంటుంది. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమాని. శనివారం ఇంట్లో చేసిన గేమ్ ఉద్యోగంలో భాగం కాదనే ఎవరైనా అంటారు, కానీ చేరేటప్పుడు సంతకం పెట్టిన అగ్రిమెంట్‌లో కొన్ని కంపెనీలు ఇంకా విశాలంగా రాసుకుంటాయి, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏం చేసినా చెప్పాలని. ఆ కాగితం తీసి ఒకసారి చదవాలి, అనుమానం ఉంటే హెచ్‌ఆర్‌కి మెయిల్ రాసి జవాబు దగ్గర పెట్టుకోవాలి. ఆఫీస్ ల్యాప్‌టాప్ మాత్రం వాడకూడదు. ఇందులో ఎవరూ గమనించని చిన్న విషయం కూడా ఉంది: ఆ ల్యాప్‌టాప్‌లో కోడ్ మార్పులు నమోదు చేసే గిట్‌కి ఆఫీస్ మెయిల్ ఐడీ పెట్టి ఉంటే, పబ్లిక్ అయిన ప్రతి కమిట్ (నమోదైన మార్పు) మీదా ఆ ఐడీ కనిపిస్తుంది. సొంత మెయిల్ కూడా కనపడకూడదనుకుంటే గిట్‌హబ్ అందుకోసమే ఒక నోరిప్లై అడ్రస్ ఇస్తుంది.

రహస్యాల సంగతీ ఇంతే. లీడర్‌బోర్డ్ కోసం పెట్టిన ఏపీఐ కీ (బయటి సర్వీస్ వాడటానికి ఇచ్చే రహస్య కోడ్), ప్లే స్టోర్‌కి పంపే యాప్ మనదే అని చూపడానికి చేసిన కీస్టోర్ ఫైలూ దాని పాస్‌వర్డూ కోడ్ పక్కనే పడి ఉంటాయి. తర్వాతి కమిట్‌లో తీసేస్తే పోయినట్టు కాదు, పాత కమిట్లలో అలాగే ఉంటుంది, వెతికేవాళ్లకి దొరుకుతుంది. ఒకసారి పబ్లిక్ అయిన కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సిందే. జామ్ గేమ్ విషయంలో తేలికైన పని ఏంటంటే, రెండు రోజులూ ప్రైవేట్ రెపోలో పనిచేసి, అంతా సర్దాక కొత్త రెపోలో ఒకే శుభ్రమైన కమిట్‌గా పెట్టడం. ఎలా పెరిగిందో ఆ చరిత్ర పోతుంది, అది కొంత నష్టమే. చరిత్ర ముఖ్యమనుకునేవాళ్లు మొదటి గంట నుంచే కీలని బయట ఉంచాలి.

పెట్టింది వేరేవాళ్ల కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే ఇదంతా వృథా. యూనిటీ ప్రాజెక్ట్‌లో లైబ్రరీ ఫోల్డర్ పెట్టనక్కర్లేదు, అది మళ్లీ తయారవుతుంది, పైగా బండెడు సైజు. కానీ మెటా ఫైళ్లు తప్పకుండా ఉండాలి, అవి లేకపోతే సీన్లలో బొమ్మలకీ స్క్రిప్టులకీ మధ్య లింకులన్నీ తెగిపోతాయి. గోడో అనే ఇంకో ఇంజిన్‌లో అయితే దాచి ఉండే గోడో ఫోల్డర్ వదిలేయొచ్చు. 100 ఎంబీ దాటిన ఫైల్‌ని గిట్‌హబ్ మామూలుగా తీసుకోదు, పెద్ద ఆడియో ఉంటే, పెద్ద ఫైళ్ల కోసమే ఉన్న గిట్ ఎల్ఎఫ్ఎస్ వాడాలి. ఇంజిన్ వెర్షన్ ఏదో పూర్తి నంబర్‌తో రీడ్‌మీలో ఉండాలి. జామ్‌లో సబ్మిట్ చేసిన రూపానికి ఒక ట్యాగ్ వేసి, తర్వాత చేసే మార్పులు వేరే బ్రాంచ్‌లో చేయాలి. ఇంకో మాట, సోర్స్ అంటే కోడ్‌తో అయిపోదు. పీఎన్‌జీ బొమ్మ ఇచ్చి, దాన్ని గీసిన క్రిటా ఫైల్ ఇవ్వకపోతే ఆ బొమ్మ చొక్కా రంగు మార్చాలన్నా మళ్లీ గీసుకోవాలి. బ్లెండర్ ఫైల్, లేయర్లున్న ఫైల్, పాట ప్రాజెక్ట్ ఫైల్ ఇస్తేనే అసెట్లు నిజంగా పంచినట్టు.

తెలుగులో గేమ్ చేసేవాళ్లకి ఈ పంచుకోవడం అందరికంటే ఎక్కువ అవసరం. తెలుగు వత్తులకి యూనికోడ్‌లో విడి నంబర్లు ఉండవు. హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే వత్తుగా మార్చి చూపించే పని ఫాంట్‌లోని పట్టికలూ, వాటిని చదివే హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజినూ కలిసి చేయాలి. యూనిటీలో మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రో ఆ షేపింగ్ చేయదు, అందుకే "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటలు ముక్కలై పొల్లులతో విడివిడిగా కనిపిస్తాయి. గోడో 2023లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ వాడుతుంది, అక్కడ తెలుగు సరిగ్గా వస్తుంది. ఈ సంగతి తెలియని ప్రతి కొత్త టీమూ శనివారం సగం దీనితోనే కొట్టుకుంటుంది, చివరికి మాటలన్నీ బొమ్మలుగా చేసి పెట్టేస్తుంది. డీటీపీ షాపుల్లో వాడే యూనికోడ్ కాని ఫాంట్లతో పని నడిపించొచ్చు గానీ, అప్పుడు కోడ్‌లో తెలుగు మాట ఉండదు, అర్థం కాని ఇంగ్లిష్ అక్షరాల చెత్త ఉంటుంది. పైగా డబ్బుకి అమ్మే ఫాంట్ ఫైల్‌ని పబ్లిక్ రెపోలో పెట్టడానికి హక్కు ఉండదు. సిలికాన్ ఆంధ్ర వాళ్లు విడుదల చేసిన రామభద్ర, మల్లన్న, ఎన్టీఆర్, గిడుగు, మండలి లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. గేమ్‌లో కలపొచ్చు, లైసెన్స్ ఫైల్ పక్కన పెట్టి రెపోలోనూ ఉంచొచ్చు, ఫాంట్‌ని విడిగా అమ్మకూడదు అంతే. తెలుగు మెనూ, తెలుగు స్కోర్, తెలుగు డైలాగ్ పెట్టె సరిగ్గా పనిచేసే ఒక చిన్న గోడో ప్రాజెక్ట్‌ని ఎవరైనా జామ్ తర్వాత విడిగా పెడితే, ఆ గేమ్ ఎవరూ ఆడకపోయినా ఆ ప్రాజెక్ట్‌ని మాత్రం తర్వాతి టీమ్‌లు ఏళ్ల తరబడి వాడుకుంటాయి.

శబ్దాల్లో కూడా ఇదే కొరత. ఫ్రీ లైబ్రరీల్లో లండన్ ట్యూబ్ ఉంటుంది, న్యూయార్క్ సైరన్ ఉంటుంది, కోఠీలో బేరాల గోల, ఆర్టీసీ బస్సు గేర్ మారే చప్పుడు, బోనాల ఊరేగింపులో డప్పు వెతికితే దొరకడం కష్టం. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టడం ఎవరైనా చేయగల పని. బజారు గోల, బస్సు చప్పుడు లాంటివాటికి పెద్ద పేచీ ఉండదు. డప్పు కొట్టే మనిషిని కూర్చోబెట్టి రికార్డ్ చేస్తే మాత్రం, చట్టంలో 38వ సెక్షన్ కళాకారుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్ల పాటు హక్కు ఇస్తుంది. అందుకే ఇది అందరికీ పంచబోతున్నాం, ఎవరైనా గేముల్లో వాడుకోవచ్చు అని ఆయనకి అర్థమయ్యేలా చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోవాలి, పేరు వేయమంటారా అని అడగాలి, డబ్బు ఇవ్వగలిగితే ఇవ్వాలి. ఒప్పుకున్న మాట ఆ రికార్డింగ్ మొదట్లోనే ఆయన గొంతుతో ఉంటే ఇంకా మంచిది. అలా తీసిన శబ్దాన్ని గేమ్ రెపోలో ఒక మూల వదిలేయకుండా, ఫ్రీసౌండ్‌లోనూ ఓపెన్‌గేమ్‌ఆర్ట్‌లోనూ విడిగా, తెలుగులో ఒక పేరు, ఇంగ్లిష్‌లో ఒక పేరు పెట్టి ఎక్కించాలి. వెతికేవాళ్లకి ఆ గేమ్ సంగతి తెలియదు, వాళ్లు డప్పు కోసం వెతుకుతారు.